ముందు బ్రేకు మెత్తబడితే

తల్లాడ దగ్గర దారులు చీలతాయి. ఒక దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది. ఒక దారి కల్లూరు మీదుగా సత్తుపల్లి పోతుంది. ఇంకో దారి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోతుంది. ఆ దారినే ముందుకు పోతే పాల్వంచ, ఆ తర్వాత భద్రాచలం.

ఈ దారుల్లో ఒకచోట పత్తి చేలు. ఒకచోట మిరప తోటలు. ఇంకొంచెం పోతే అడవి. లారీలు పోతాయి. బస్సులు పోతాయి. కోతల కాలంలో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. పొద్దు గూకేవేళ గేదెలు ఇంటి దారి పడతాయి. కుక్క అడ్డం వస్తుంది. ఆడుకునే పిల్లవాడు అడ్డం వస్తాడు. అప్పుడు మన బండి ఆగాలి.

ఆగుతుందా?

మన ఊళ్ళలో ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు మోటారు సైకిలు ఉంది. కొన్నవాళ్ళలో చాలామంది పాత బండి కొన్నారు. పదేళ్ళవి, ఇరవై ఏళ్ళవి కూడా తిరుగుతున్నాయి. బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం వింటాం. మైలేజీ అడుగుతాం. టైర్లు చూస్తాం. ముందు బ్రేకు పట్టి చూసేవారు తక్కువ.

ముందు బ్రేకంటే భయం

మెకానిక్ షాపు దగ్గర ఇలాంటి మాటలు మీరూ వినే ఉంటారు.

"బాబాయ్, క్లచ్చి వైరు మార్చాలి."

"మారుస్తా. ఈ ముందు బ్రేకు ఏందిరా, లీవరు పోయి హ్యాండిలుకే అంటుకుంటోంది?"

"అదా? మెత్తబడి మూడు నెలలైంది. నేను దాన్ని పట్టుకోను బాబాయ్. వెనక బ్రేకు ఉందిగా!"

"రెండు పాల క్యాన్లు కట్టుకుని పోతావు. వెనక బ్రేకు ఒక్కటే ఎంత ఆపుతుంది?"

"ఆపుతుంది. కొంచెం దూరం పోయి ఆగుతుంది."

"ఆ కొంచెం దూరంలో ఏముంటుందో నీకు ముందే తెలుస్తదా?"

ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు.

"ముందు బ్రేకు వేస్తే ఎగిరి పడతావు" అని బండి నేర్పేటప్పుడే చెబుతారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. కంకర మీద, బురద మీద, హ్యాండిలు తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే చక్రం జారుతుంది. మనిషి పడతాడు. ఒకసారి పడినవాడు ఇక దాని జోలికి పోడు. కొందరైతే నట్టు కావాలనే వదులు చేయిస్తారు. ఇది మంచి పని కాదు. కత్తి తెగుతుందని మొద్దుబారిన కత్తితో కూర తరిగితే వేలు ఇంకా తొందరగా తెగుతుంది.

అసలు ఆపేది ఏ బ్రేకు?

బస్సులో నిలబడి ఉన్నాం. డ్రైవరు సడన్‌గా బ్రేకు వేశాడు. మనం ఎటు తూలతాం? ముందుకు తూలతాం. బండి కూడా అంతే. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకు ఒరుగుతుంది. ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రం తేలిక అవుతుంది. తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేసినా ఏం లాభం? అది తిరగడం మాని ఈడ్చుకుపోతుంది. రోడ్డు మీద నల్లటి గీత పడుతుంది. బండి మాత్రం పోతూనే ఉంటుంది. వెనక భాగం పక్కకు కొడుతుంది కూడా.

అందుకే ఆపే శక్తిలో సగానికి మించి ముందు బ్రేకుదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పలక గానీ కాగితం గానీ తీసుకోండి. బండి గంటకు 36 కిలోమీటర్లు పోతోంది. అంటే 36,000 మీటర్లు. గంటకు 3,600 సెకన్లు. 36,000ను 3,600తో భాగించండి. 10 వచ్చింది కదా! అంటే ఒక్క సెకనులో బండి 10 మీటర్లు పోతుంది. కన్ను గేదెను చూసి, చెయ్యి బ్రేకు మీదకు పోయేసరికి దాదాపు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 10 మీటర్లు అయిపోయాయి. ఇక ఆ తర్వాత పోయే దూరం బ్రేకుల పని. పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా పడితే, వెనక బ్రేకు ఒక్కటే వేసినప్పటి దూరంలో సుమారు సగంలో ఆగవచ్చు. వేగం రెండింతలైతే ఈ దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త మోటారు సైకిళ్ళకు ఒక నిబంధన ఉంది. 125 సి.సి. దాటిన బండికి ఏ.బి.ఎస్. ఉండాలి. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం ఈడ్చుకుపోకుండా అది చూస్తుంది. 125 సి.సి. దాకా ఉన్న చిన్న బండ్లకు కనీసం సి.బి.ఎస్. ఉండాలి. ఇందులో కాలితో వెనక బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అంతకు ముందు కొన్న పాత బండ్లలో చాలావాటికి ఇవేవీ లేవు. వాటికి ముందు బ్రేకు మన చేతితోనే వేయాలి. ఆ బ్రేకు సరిగా ఉండాలి.

మీ బండిది ఏ బ్రేకు?

ముందు చక్రం దగ్గర కూర్చుని చూడండి. చక్రం నడుమ పెద్ద గుండ్రటి డబ్బా ఉండి, దానికి ఒక వైరు వచ్చి కలిస్తే అది డ్రమ్ము బ్రేకు. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి.100కి, యమహా ఆర్.ఎక్స్.100కి ఇదే. 1994లో వచ్చిన స్ప్లెండరుకూ ఇదే. మన పల్లెల్లో తిరిగే పాత బండ్లలో ఎక్కువ ఈ రకమే.

చక్రం పక్కన రంధ్రాలున్న ఇనుప పళ్ళెం ఉండి, దాన్ని ఒక దిమ్మె పట్టుకుని ఉంటే అది డిస్కు బ్రేకు. 1999లో వచ్చిన సి.బి.జెడ్., 2001లో వచ్చిన పల్సరు లాంటి బండ్లతో ఇది మన దగ్గర బాగా వాడకంలోకి వచ్చింది. ఇందులో వైరు ఉండదు. పైపులో బ్రేకు ఆయిలు ఉంటుంది.

రెండూ మెత్తబడతాయి. కానీ కారణాలు వేరు. మందూ వేరు.

డ్రమ్ము బ్రేకు

లీవరు పట్టుకుంటే వైరు లాగుతుంది. వైరు ఒక ఇనుప చేతిని లాగుతుంది. ఆ చెయ్యి డ్రమ్ము మూత మీద బయటకే కనిపిస్తుంది. మెకానిక్కులు దాన్ని బ్రేకు ఆర్మ్ అంటారు. ఆర్మ్ తిరిగితే లోపల క్యామ్ అనే బిళ్ళ తిరుగుతుంది. క్యామ్ రెండు బ్రేకు షూలను విడదీస్తుంది. అవి డ్రమ్ము లోపలి గోడకు రాచుకుంటాయి. చక్రం ఆగుతుంది.

ముందుగా లీవరు సందు చూడండి. లీవరు చివరను వేలితో మెల్లగా లాగండి. ఏ బిగువూ లేకుండా ఎంత దూరం వస్తుందో స్కేలుతో కొలవండి. చాలా బండ్లకు ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. బండితో వచ్చిన పుస్తకంలో మీ బండికి ఎంత అని రాసి ఉంటే అదే సరి. ఆ పుస్తకాన్ని పెట్టెలో దాచకండి. తీసి చదవండి.

సందు ఎక్కువ ఉంటే చక్రం దగ్గర, వైరు చివర ఉన్న నట్టును కుడివైపు తిప్పండి. ఒకసారి అర చుట్టు చాలు. ఆ నట్టుకు గుంట ఉంటుంది. ఆర్మ్‌లో ఉన్న గుండ్రటి పిన్ను ఆ గుంటలో కూర్చోవాలి. కూర్చోకపోతే నడిచేటప్పుడు అది సర్దుకుని బ్రేకు మళ్ళీ వదులవుతుంది. తర్వాత చక్రం పైకెత్తి తిప్పండి. గరగరమని రాచుకోకుండా తిరగాలి. రాచుకుంటే నట్టు ఎక్కువ బిగించినట్టు. అలా వదిలేస్తే డ్రమ్ము వేడెక్కుతుంది, షూలు ఊరికే అరిగిపోతాయి.

నట్టు బిగించినా లీవరు మెత్తగానే ఉందా? అయితే వైరు చూడండి. లీవరు దగ్గర, కింద ఆర్మ్ దగ్గర, రెండు చివరలూ చూడండి. ఒక్క పోగు తెగి ఉన్నా వైరు మార్చాలి. ఈ రోజు ఒక పోగు తెగింది. మిగిలిన పోగులు గట్టి బ్రేకు వేసిన రోజే తెగుతాయి. పైతొడుగు నలిగినా, వంగినా వైరు మార్చడమే మంచిది. మీరు లాగిన బలం వైరును లాగదు, ఆ తొడుగును నలపడానికే పోతుంది. మెత్తగా అనిపించడానికి ఇది పెద్ద కారణం.

వైరు బాగానే ఉండి బిరుసుగా ఉంటే నూనె పట్టించాలి. వైరు ఊడదీసి తలుపు గడియకు వేలాడదీయండి. పై చివరకు పాలిథిన్ కవరు ముక్కను గరాటులా చుట్టి దారంతో కట్టండి. అందులో నాలుగు చుక్కల ఇంజనాయిలు పోయండి. రాత్రంతా ఉంచితే కింది చివర నుంచి కారుతుంది. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న వైర్లు కొన్ని వస్తాయి. వాటికి నూనె అక్కరలేదు.

వైరు మళ్ళీ వేశాక హ్యాండిలును ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు బ్రేకు దానంతట అదే బిగుసుకోకూడదు.

ఆర్మ్ చెప్పే సంగతి

ఇది కొంచెం నిదానంగా చదవండి. పాత బండ్ల బ్రేకు చెడిపోయేది ఎక్కువ ఇక్కడే.

పానాతో నట్టు విప్పుతారు కదా! పానాకు అడ్డంగా లాగితే నట్టు తిరుగుతుంది. పానా పొడవునా లాగితే తిరుగుతుందా? తిరగదు. ఆర్మ్ కూడా పానా లాంటిదే. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు వైరూ ఆర్మూ మూలమట్టంలా ఉండాలి. వడ్రంగి దగ్గర ఎల్ ఆకారంలో ఉండే మట్టం చూశారు కదా, అలా. అప్పుడే బలం పూర్తిగా అందుతుంది. షూలు అరిగే కొద్దీ ఆర్మ్ ఇంకా ముందుకు తిరగాల్సి వస్తుంది. మూలమట్టం దాటిపోతుంది. అప్పుడు ఎంత లాగినా బలం చాలదు. లీవరు చివరిదాకా వస్తుంది, బండి మాత్రం ఆగదు.

మరి ఎంత అరిగిందో బయట నుంచి తెలిసేదెలా? చాలా బండ్లకు ఆర్మ్ దగ్గర ఒక బాణం గుర్తు ఉంటుంది. డ్రమ్ము మూత మీద ఒక గీత ఉంటుంది. బురద తుడిచి చూడండి. ఒకరు లీవరు పూర్తిగా పట్టుకోవాలి. ఇంకొకరు చూడాలి. బాణం గీత దగ్గరకు వచ్చిందా? అయితే షూల పని అయిపోయింది. ఇక నట్టు బిగించి లాభం లేదు. షూలు మార్చాలి.

ఇక్కడే కొందరు ఒక చిట్కా చేస్తారు. ఆర్మ్ ఊడదీసి ఒక పన్ను వెనక్కు తిప్పి మళ్ళీ బిగిస్తారు. అప్పటికి బ్రేకు గట్టిపడుతుంది. ఖర్చు లేకుండా పని అయిందని సంతోషిస్తాం. కానీ జరిగిందేమిటి? అరిగిన షూలు లోపలే ఉన్నాయి. బాణం మాత్రం అబద్ధం చెబుతోంది. క్యామ్ అరిగిన షూల మధ్య మరీ ఎక్కువ తిరిగితే అడ్డం తిరిగి ఇరుక్కుపోవచ్చు. అప్పుడు మీరు లీవరు వదిలినా బ్రేకు వదలదు. నడిచే బండికి ముందు చక్రం బిగుసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. షూలు మార్చే డబ్బు ఆదా అయిందనుకుంటే అది వట్టి భ్రమ. మీ మెకానిక్ ఈ చిట్కా చేస్తానంటే వద్దని చెప్పండి. ఆయన మంచికే చేస్తుండవచ్చు, అయినా వద్దనే చెప్పండి.

డ్రమ్ము విప్పితే

బండిని మధ్య స్టాండు వేసి నిలపండి. ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టండి, ముందు చక్రం గాలిలో లేవాలి. బ్రేకు వైరు, మీటరు వైరు ఊడదీయండి. యాక్సిలు నట్టు విప్పి, యాక్సిలు లాగితే చక్రం కిందికి వస్తుంది. డ్రమ్ము మూత చేతికే వస్తుంది. షూలు దానిమీదే ఉంటాయి.

లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదకండి. గాలి పంపుతో కొట్టకండి. పాత రకం షూలలో ఆస్బెస్టాస్ అనే రాతినార కలిపేవారు. దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళు గడిచాక జబ్బు చేస్తుంది, క్యాన్సరు కూడా రావచ్చు. మీ షూలలో అది ఉందో లేదో చూసి చెప్పలేం. కాబట్టి తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను కవరులో చుట్టి పారేయండి. షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు రోజూ ఈ పొడి ఊదుతూ ఉంటారు. మన పిల్లలు అక్కడ పని నేర్చుకుంటుంటే ఈ మాట తప్పక చెప్పాలి.

షూ మీద అంటించిన లైనింగు మందం చూడండి. 2 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. మందం ఉండి, అద్దంలా మెరుస్తోందా? అయితే అది పట్టదు, జారుతుంది. ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దండి. రుద్దే ముందు లైనింగును కొంచెం తడపండి, పొడి లేవదు. గ్రీజు గానీ నూనె గానీ ఇంకిందా? అది ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఆ షూలు పారేయాల్సిందే. గ్రీజు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. చక్రం బేరింగు దగ్గర సీలు పోయి ఉంటుంది. లేదా మీటరు పళ్ళకు ఎవరో దోసెడు గ్రీజు పెట్టి ఉంటారు. అది సరిచేయకుండా కొత్త షూలు వేస్తే వారంలో మళ్ళీ మొదటికే వస్తుంది.

డ్రమ్ము లోపలి గోడను వేలితో తడమండి. లోతు గాడులు పడితే, అంచు దగ్గర మెట్టులా తగిలితే, డ్రమ్ము కూడా అరిగిందన్నమాట. చాలా డ్రమ్ముల లోపల ఎంతవరకు అరగవచ్చో అంకె పోతపోసి ఉంటుంది. ఆ అంకె దాటితే కొత్త షూలు వేసినా ప్రయోజనం ఉండదు.

క్యామ్ కడ్డీని తుప్పు లేకుండా శుభ్రం చేసి గోరంత గ్రీజు రాయండి. గోరంతే! ఎక్కువైతే అదే కరిగి షూల మీదకు పోతుంది.

కొత్త షూలు కొనేటప్పుడు బండి పేరు చెప్పి, పెట్టె మీద రాసింది మీరే చదవండి. కంపెనీ పేరు ఉందా? ధర వేసి ఉందా? ఏ బండికి అని రాశారు? పాత షూలు మాకివ్వండి అని అడగండి. పాతవి చేతికొస్తే కొత్తవి వేశారని నమ్మకం ఉంటుంది.

చక్రం మళ్ళీ ఎక్కించేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. డ్రమ్ము మూతకు ఒక గాడి ఉంటుంది. ఫోర్కు కాలికి ఒక బొడిపె ఉంటుంది. ఆ బొడిపె గాడిలో కూర్చోవాలి. అది కూర్చోకుండా యాక్సిలు బిగిస్తే, బ్రేకు పట్టగానే మూత కూడా చక్రంతో పాటు తిరిగిపోతుంది. వైరు చుట్టుకుని చక్రం బిగుసుకుంటుంది. ప్రాణం మీదకు వస్తుంది. చక్రం ఎక్కించాక వంగి కళ్ళతో చూడండి. చేత్తో కదిపి చూడండి.

రెండోది షూలను నడిమధ్యకు తేవడం. యాక్సిలు నట్టు కొంచెం వదులుగా ఉంచండి. వైరు తగిలించండి. చక్రం గట్టిగా తిప్పండి. తిరుగుతుండగా బ్రేకు గట్టిగా పట్టండి. పట్టుకునే ఉండండి. అలా పట్టి ఉంచే ఇంకొకరితో యాక్సిలు నట్టు బిగించండి. ఇప్పుడు రెండు షూలూ సమానంగా తగులుతాయి. చాలా బండ్లలో మెత్తదనం సగం ఈ ఒక్క పనితోనే పోతుంది. పైసా ఖర్చు లేదు. నట్టుకు పిన్ను ఉండే బండి అయితే పిన్ను వేయడం మరవకండి.

డిస్కు బ్రేకు

సైకిలు పంపు తీసుకోండి. చివర వేలితో మూసి నొక్కండి. పంపు దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. గాలి అణుగుతుంది కాబట్టి అలా జరిగింది. అదే పంపులో నీళ్ళు నింపి నొక్కితే? దిగదు. నీళ్ళు అణగవు. నూనె కూడా అంతే. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది అని. డిస్కు బ్రేకు దాని మీదే నడుస్తుంది.

పైపులో ఒక గాలి బుడగ చేరిందనుకోండి. మీ చేతి బలం ముందు ఆ బుడగను అణచడానికి పోతుంది. లీవరు దూదిలా మెత్తగా ఉంటుంది. అప్పుడు ఎయిరు తీయాలి.

తీసేముందు లీవరుతో రెండు పరీక్షలు చేయండి. లీవరును గబగబా నాలుగుసార్లు కొట్టండి. కొట్టేకొద్దీ గట్టిపడుతోందా? అయితే చాలావరకు గాలి చేరినట్టే. చక్రం బేరింగులు వదులైనా, పళ్ళెం వంకరపోయినా కూడా ఇలాగే ఉంటుంది, అవీ చూసుకోవాలి. ఇక లీవరు గట్టిగా పట్టి అలాగే ఉంచండి. మెల్లగా కిందికి జారిపోతోందా? అయితే ఎక్కడో కారుతోంది, లేదా హ్యాండిలు దగ్గరి మాస్టరు సిలిండరులో రబ్బరు అరిగింది. అప్పుడు ఎయిరు తీస్తే తగ్గదు. రబ్బరు మార్చాలి. ఆ బండిని నడపకండి.

హ్యాండిలు మీద ఆయిలు డబ్బాకు చిన్న గాజు కిటికీ ఉంటుంది. కింద ఒక గీత ఉంటుంది. ఆయిలు ఆ గీత కిందికి దిగిందా? వెంటనే పోయకండి. ముందు బ్రేకు ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆయిలు కిందికి దిగడం మామూలే. ప్యాడ్లు బాగుండి ఆయిలు తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు.

ఏ ఆయిలు పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 అనో, డాట్ 4 అనో ఉంటుంది. దుకాణంలో సీసా మీద కూడా అదే ఉండాలి. అక్షరం నేర్చుకున్నందుకు ఇలాంటి చోట పని పడుతుంది. ఇంజనాయిలు పోయకూడదు. కిరసనాయిలు, పెట్రోలు పోయకూడదు. పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి, బ్రేకు మొత్తం పోతుంది. డాట్ 5 అనే ఇంకో రకం ఉంది. అది వీటితో కలవదు. అది కూడా వద్దు.

బ్రేకు ఆయిలుకు ఒక గుణం ఉంది. ఉప్పు వానాకాలంలో చెమ్మ పీల్చినట్టు ఇది గాలిలోని చెమ్మ పీలుస్తుంది. కొత్త డాట్ 3 ఆయిలు మరగాలంటే కనీసం 205 డిగ్రీల వేడి కావాలి. చెమ్మ చేరిన తర్వాత అది 140 దాకా పడిపోవచ్చు. బరువుతో పల్లం దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడికి ఆయిలు మరుగుతుంది. ఆవిరి బుడగలు పుడతాయి. అప్పటిదాకా బాగున్న బ్రేకు ఉన్నట్టుండి మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకు ఒకసారి ఆయిలు మార్చమంటారు. పాత బండి కొన్నవాళ్ళు ముందు చేయాల్సింది ఇదే. మూత తీసి ఎన్నో నెలలైన సీసాలో మిగిలిన ఆయిలు వాడకండి.

ఎయిరు తీయడానికి ఇద్దరు కావాలి. ఆయిలు రంగును తినేస్తుంది కాబట్టి ముందు ట్యాంకు మీద గుడ్డ కప్పండి. ఒలికితే వెంటనే నీళ్ళతో కడగండి. కంట్లో పడకుండా చూసుకోండి. క్యాలిపరుకు ఉన్న నిపుల్‌కు సన్నని ప్లాస్టిక్ పైపు తొడగండి. పైపు రెండో చివరను కొంచెం ఆయిలు పోసిన సీసాలో ముంచండి. చాలా బండ్లకు నిపుల్ 8 నంబరు పానాతో తిరుగుతుంది. ఒకరు లీవరు దగ్గర, ఒకరు నిపుల్ దగ్గర కూర్చోవాలి. ఇద్దరి మధ్యా మాట ఇలా నడవాలి.

"పట్టాను."

"విప్పాను."

"హ్యాండిలు దాకా వచ్చింది."

"బిగించాను. ఇక వదులు."

నిపుల్ బిగించాకే లీవరు వదలాలి. ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఇలా చేస్తుంటే పైపులో బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, ఆయిలు తేటగా వచ్చేదాకా చేయాలి. నడుమ నడుమ పై డబ్బాలో ఆయిలు చూసుకోవాలి. అది ఖాళీ అయితే గాలి దూరుతుంది, అప్పుడు పని మళ్ళీ మొదటి నుంచి. ఓపిక కావాల్సిన పని ఇది. తొందరపడితే రెండు గంటలు, నిదానంగా చేస్తే అరగంట.

అయినా కొంచెం మెత్తదనం మిగిలితే, పాత ట్యూబు ముక్కతో లీవరును హ్యాండిలుకు కట్టి రాత్రంతా ఉంచండి. చిన్న బుడగలు మెల్లగా పైకి చేరతాయి. తెల్లారి గట్టిపడితే ఒకసారి మళ్ళీ ఎయిరు తీయండి. దానికీ లొంగకపోతే రబ్బరు హోసు పైపు చూడండి. పాతబడిన పైపు బ్రేకు పట్టినప్పుడు ఉబ్బుతుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. అది మార్చాలి.

పరీక్ష చేయండి

బ్రేకు బాగుచేశాక నేరుగా మెయిన్ రోడ్డు ఎక్కకండి. ముందు బండి నెట్టుకుంటూ బ్రేకు పట్టి చూడండి. తర్వాత జనం లేని పొడి దారిలో, సైకిలు అంత వేగంతో పోయి పట్టండి. డిస్కుకు కొత్త ప్యాడ్లు వేస్తే బయలుదేరే ముందు లీవరును గట్టిపడేదాకా కొట్టాలి. మొదటి పట్టుకు అది ఖాళీగా పోతుంది, ఆ సంగతి లారీ వెనక తెలియకూడదు.

రెండు బ్రేకులూ కలిపి వేయడం అలవాటు చేసుకోండి. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకండి. ఆవు పొదుగు పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగువు పెంచండి. హ్యాండిలు తిన్నగా ఉండాలి. కంకర వస్తే, తడి వడ్లు పరిచిన చోటు వస్తే వేగం ముందే తగ్గించుకోండి. వాగు దాటాక డ్రమ్ములో నీళ్ళుంటాయి. మెల్లగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు పట్టి వదిలితే ఆరుతుంది.

కొత్త షూలు మొదటి రోజే పూర్తిగా పట్టవు. డ్రమ్ము గోడకు తగ్గట్టు అవి అరిగి కుదురుకోవాలి. అందాకా బరువులు కట్టకుండా, వేగం లేకుండా నడపండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక లీవరు సందు మళ్ళీ కొలవండి. పెరిగి ఉంటుంది. కంగారు పడనక్కరలేదు, నట్టు అర చుట్టు బిగిస్తే చాలు.